రెండింటిలోనూ 16 జీబీయే, మరి మెమరీ వేగంలో ఇంత తేడా ఎందుకు?

విజయవాడలో ఒకే బిల్లు మీద కొన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ ఉన్న రెండు మెషీన్లు, రెండింటిలోనూ 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. అయినా మెమరీ పరీక్షలో ఒకటి రెండోదానిలో సగం వేగం కూడా చూపించడం లేదు, ప్రాసెసర్‌లో లోపమా అని అడిగారు. ప్రాసెసర్‌ను అనుమానించకండి. బిల్లు మీది 16 జీబీ అనే మాట ఎంత పడుతుందో చెబుతుంది, ఎంత వేగంగా వస్తుందో చెప్పదు.

ముందు చానెల్ సంగతి, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా నడిచే దారి సంగతి చూడాలి. ఈ ప్రాసెసర్‌కు అలాంటివి రెండు. డీడీఆర్4లో ఒక్కో చానెల్ వెడల్పు 64 బిట్లు, అంటే విడతకు 8 బైట్లు. 3200 వేగంతో, అంటే సెకనుకు 320 కోట్ల విడతలతో, ఒక చానెల్ గరిష్ఠంగా సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది, రెండూ పనిచేస్తే 51.2. కాబట్టి ఒకే 16 జీబీ ర్యామ్ స్టిక్‌తో ఒక్క చానెల్‌నే వాడే మెషీన్ రెండు 8 జీబీ స్టిక్‌లున్నదాన్ని ఎంత లాగినా అందుకోలేదు. పైగా ఆ ఒక్కటీ 2666లో నడుస్తుంటే గరిష్ఠమే 21.3కు దిగుతుంది. సగం కూడా లేదన్నారు కనుక మీ దగ్గర ఈ రెండూ కలిసి ఉంటాయని నా అనుమానం.

అయితే స్టిక్‌లు రెండున్నంత మాత్రాన సరిపోదు. గుంటూరు బ్రాడీపేటలో మాది పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ పని. కొత్తగా తెచ్చిన మెషీన్లలో ఒకటి పెద్ద పేజీలు తెరిచినప్పుడల్లా నీరసించేది. టాస్క్ మేనేజర్‌లో నాలుగు స్లాట్లలో రెండు నిండి ఉన్నాయి, వేగం 3200 అనే ఉంది. హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే మాత్రం మెమరీ పేజీలో చానెల్ దగ్గర సింగిల్ అని చూపించింది. క్యాబినెట్ పక్క రేకు విప్పి చూశాం. బిగించిన కుర్రాడు రెండు స్టిక్‌లనూ ప్రాసెసర్ వైపు మొదటి రెండు స్లాట్లలో పక్కపక్కనే పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ నాలుగు స్లాట్లున్న మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో ఆ రెండూ ఒకే చానెల్‌వి. వాడాల్సింది రెండోది, నాలుగోది. చాలా బోర్డుల మీద స్లాట్ అంచున ఏ2, బీ2 అని సన్నని అక్షరాల్లో రాసే ఉంటుంది, చదివే ఓపిక ఉండాలి. మార్చి బిగించాక మెమరీ పరీక్షలో అంకె దాదాపు రెట్టింపయింది, పైసా ఖర్చు లేకుండా.

ఇక వేగం. డబ్బా మీద 3200 అని ఉన్నా, బయోస్‌లో (మెషీన్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే స్టిక్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే చాలా స్టిక్‌లు 2400 దగ్గరో 2666 దగ్గరో ఆగిపోతాయి. సీపీయూ-జెడ్‌లో 1600 మెగాహెర్ట్జ్ కనిపిస్తే కంగారు పడకండి, ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా వెళ్తుంది కనుక అదే 3200.

ఇవన్నీ సరిచేశాక కూడా కొంత తేడా మిగిలితే స్టిక్కర్ చదవండి. 1ఆర్ఎక్స్8 అంటే 8 జీబీ స్టిక్ మీద ఎనిమిది చిప్‌లు, 1ఆర్ఎక్స్16 అంటే నాలుగే. రెండో రకం చిప్‌లో బ్యాంకులు, అంటే విడివిడిగా పనిచేసే మెమరీ భాగాలు, 16కు బదులు 8 ఉంటాయి, అందుకే కాస్త వెనకబడుతుంది. సీఎల్ కూడా, అంటే అడిగాక డేటా రావడానికి పట్టే క్లాక్‌ల సంఖ్య, చూడండి: 3200లో సీఎల్16 అంటే 10 నానోసెకన్లు, సీఎల్22 అంటే 13.75. ధర తక్కువని షాపువాళ్లు అంటగట్టేవి ఎక్కువగా సీఎల్22 రకమే.

పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఒకే ప్రోగ్రామ్, అదే వెర్షన్ వాడండి. స్ట్రీమ్ అనే పరీక్ష వాడితే, అది వాడే ఒక్కో అర్రే (డేటా వరుస) క్యాషేకు, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీకి, కనీసం నాలుగింతలు ఉండాలన్నది దాని నియమం. 5600జీలో ఎల్3 క్యాషే 16 ఎంబీ, అంటే 64 ఎంబీకి తగ్గకూడదు. తగ్గితే మీరు కొలిచేది ర్యామ్‌ను కాదు, క్యాషేను.

ఇంతకీ వేగం తక్కువున్న ఆ మెషీన్ మీద చేసే పని ఏమిటి? 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. ఆటలకైనా వీడియో ఎడిటింగ్‌కైనా రెండో స్టిక్ తప్పకుండా వేయండి, మొదటిదాని మీదున్న పార్ట్ నంబరే అడిగి తీసుకోండి. కౌంటరు దగ్గర ట్యాలీలో బిల్లులు కొట్టడానికే అయితే మాత్రం ఆ ఒక్క స్టిక్ చాలు. ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే ఆ డబ్బు ఎస్ఎస్‌డీకి పెట్టండి.