కొండకు వెళ్లేముందు

చిరంజీవి చిన్నికి,

అరకు కొండల్లోని అనంతగిరి మండలంలో గిరిజనుల జబ్బుల మీద పరిశోధనకు వెళ్తున్నావని అన్నయ్య ఫోనులో చెప్పాడు. విశాఖలో రైలెక్కి బొర్రాలో దిగేలోపు ఇది చదువుకో.

నీ ప్రశ్నల పట్టికలో ‘పిల్లలెంతమంది?’ అని ఉంది. అక్కడ పనిచేసిన మొదటి ఏడాది నేనూ అలాగే అడిగాను. ఒక తల్లి అయిదుగురంది, రాసుకున్నాను. ఆమె కన్నది ఇద్దరినే, మిగతా ముగ్గురూ చనిపోయిన చెల్లెలి పిల్లలు. ఆమె అబద్ధమాడలేదు. మనమూ పిన్ని పిల్లలను అక్కాచెల్లెళ్లనే కదా అంటాం! కానీ తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తజబ్బు సికిల్‌సెల్ గురించి నేను వేసిన లెక్క తప్పింది. తల్లీ తండ్రీ ఇద్దరూ తమకు జబ్బు లేకుండా ఆ జన్యువు మోస్తుంటే ప్రతి కానుపులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఎవరు ఎవరి కడుపున పుట్టారో తెలియకుండా ఆ మాట ఎవరికీ చెప్పకూడదు.

అందుకే రెండు పటాలు గీయి. ఒకటి కన్నవారిది, రెండోది ఆదుకున్నవారిది. డోలీ ఎవరు మోశారు, ఆసుపత్రిలో రాత్రి ఎవరు కూర్చున్నారు, ఆ వారం పోడు పని ఎవరు చేశారు? నాకు ఎక్కువ నేర్పింది రెండో పటమే. వంశం తప్పక అడుగు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో పులి, పాంగి గద్ద. ఒకే వంశమైతే ఊళ్లు వేరైనా అన్నదమ్ములే, పెళ్లి కుదరదు. కష్టం వస్తే కబురు వెళ్లేది కూడా ఆ చుట్టరికం దారినే.

బిడ్డ రక్తపరీక్షలో తల్లిదండ్రుల గుట్టూ ఉంటుంది. పదిమందిలో చదవకు. పెళ్లికెదిగిన పిల్లదైతే మరీ జాగ్రత్త.

ఇక నీళ్లు. షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులోది, ఆ కొండల్లోని కాల్సైట్ అనే ఖనిజం తవ్వకాల వివాదం నుంచే వచ్చింది. తవ్వకాలున్నచోట ఊటలు చెడొచ్చు, కాబట్టి ఏ ఇల్లు ఏ ఊట నీళ్లు తాగుతుందో, నీళ్ల రంగు ఎప్పుడు మారిందో ఆడవాళ్లను అడుగు. నెల చెప్పలేకపోతే ఏటా చైత్రంలో వాళ్లు చేసుకునే ఇటుకల పండుగకు ముందా, తరువాతా అని అడుగు. అయితే ఊట చెడిందనగానే జబ్బంతా దానివల్లేనని రాసేయకు. నీళ్లు వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి పరీక్ష చేయించు.

ఆ ఫలితం చేతికి రాగానే, నీ గైడు కంటే ముందు ఆ ఊరివాళ్లకు చదివి వినిపించు. నేను ఆ పని చేయలేదు. పదేళ్ల తరువాత వెళ్తే, ఆ అయిదుగురి తల్లి నన్ను గుర్తుపట్టి మొదట అడిగింది, మా నీళ్ల సంగతి ఏమైందమ్మా అని.

ఆశీస్సులతో,
మీ మేనత్త