కిరాయి కంపెనీ పేరు మీద, జమానతు నీ పేరు మీద

తమ్మీ, నువ్వు రాసిందంతా చదివిన. దేవరకొండ నుంచి గ్రీన్ కార్డు మీద వచ్చి రెండేండ్లయింది, టెక్సస్ ఇర్వింగ్‌ల దోస్తుతోని చెరి సగం పాలుకు టిఫిన్ సెంటర్ పెట్టాలె, నల్లగొండల ఉన్న బావ కొంత లాగోడి పెడ్తనంటున్నడు. ‘ఎల్ఎల్‌సీ తీసుకుంటే అప్పులోళ్లు ఇంటి దాక రారు గద అన్నా’ అని అడిగినవు. ఎల్ఎల్‌సీ అంటె కంపెనీ బాకీకి ఓనరు సొంత ఆస్తి బాధ్యత ఉండని కంపెనీ. అయినా వస్తరు. నువ్వు దస్కతు పెట్టి పిలిస్తే వస్తరు.

ఇరవై ఏండ్ల సంది ఈ దేశంల దుకాణం నడుపుతున్న, ఇప్పటికి నిలదొక్కుకున్న. కింద చెప్పే తప్పులల్ల సగం మొదట్ల నేను చేసినయే. ఆ కథలు నీకెందుకు, లెక్కలు చెప్త. ఇప్పుడొచ్చే పిల్లలు ఫారాలు నింపుడుల హుషారుగనే ఉంటరు గాని, నింపినంక ఏమయితదో చూడరు.

మొదటి తప్పు వరుస తప్పుడు. జాగ నచ్చంగనే లీజు మీద సొంత పేరుతోని దస్కతు పెడ్తరు, కంపెనీ నెల తర్వాత పెడ్తరు. అప్పుడా లీజు నీది, కంపెనీది కాదు. మార్చాలంటే మళ్ల జాగ ఓనరు ఒప్పుకోవాలె. ముందుగాల టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర కంపెనీ పెట్టే ఫారం 205 వెయ్యి, ఫీజు 300 డాలర్లు. రిజిస్టర్డ్ ఏజెంటు (కంపెనీ తరఫున కోర్టు నోటీసులు తీసుకునే మనిషి) అడ్రసు టెక్సస్‌లనే వీధి అడ్రసు ఉండాలె, పోస్టు బాక్సు నడవదు. తర్వాత ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) సైటుల ఈఐఎన్, అంటె కంపెనీ పన్ను నంబరు, తీసుకో. అది ఉచితం. దానికి పైసలడిగే సైటు కనబడితే అది ఐఆర్ఎస్ కాదు. ఆ రెండు కాగితాలు, ఆపరేటింగ్ అగ్రిమెంటు (భాగస్తుల నడుమ ఒప్పందం) పట్టుకపోయి బ్యాంకు ఖాతా తెరువు. సేల్స్ ట్యాక్స్ పర్మిట్, ఇన్సూరెన్సు అయినంకనే లీజు.

డెలావేర్ రాష్ట్రంల కంపెనీ పెట్టమని ఎవరో ఒకరు చెప్తరు. దుకాణం టెక్సస్‌ల ఉంటే ఇక్కడ మళ్ల పరాయి రాష్ట్రపు కంపెనీ కింద నమోదు కావాలె, దానికి 750 డాలర్లు. డెలావేర్‌కు ఏటా జూన్ 1 లోపల ఇంకో 300. ఇడ్లీ వడ అమ్మేటందుకు రెండు సర్కార్లకు కట్టుడెందుకు?

ఇగ అసలు సంగతి. ఎల్ఎల్‌సీ చెరువు కట్ట అసుంటిది. కంపెనీ బాకీ కంపెనీ ఆస్తి కాడ ఆగుతది, నీ ఇల్లు, నీ పొదుపు కట్ట అవతల ఉంటయి. కాని కట్టకు గండి మనమే కొడ్తం. అన్నిటికంటె పెద్ద గండి పర్సనల్ గ్యారంటీ, అంటె కంపెనీ కట్టకుంటె నేను కడ్త అన్న జమానతు. కొత్త కంపెనీని చూసి ఏ ఓనరు జాగ ఇయ్యడు, లీజు చివర ఒక పేజీ పెడ్తడు. నెల కిరాయి 4,500 అనుకో. అయిదేండ్ల లీజు అంటే 2,70,000 డాలర్లు. పైన ఆస్తి పన్ను, బిల్డింగు ఇన్సూరెన్సు, మెయింటెనెన్సు పాలు వేరే. ఆ ఒక్క పేజీతోని ఇదంతా నీ మెడకు పడ్తది. ఎల్ఎల్‌సీ ఉన్నా లేకున్నా ఒకటే.

పేజీ లేకుంట చెయ్యుడు కష్టం గాని చిన్నగ చేపియ్యొచ్చు. గ్యారంటీ 12 నెలల కిరాయికి మించొద్దని రాపియ్యి, అప్పుడు 54,000 కాడ ఆగుతది. రెండేండ్లు కిరాయి తప్పకుంట కడ్తె గ్యారంటీ రద్దు అన్న షరతు అడుగు. ఇద్దరు భాగస్తులు దస్కతు పెడ్తె ‘చెరి సగానికే బాధ్యులు’ అని స్పష్టంగ ఉండాలె. లేకుంటె నీ దోస్తు దేశం పోయిన్నాడు మొత్తం నిన్నే అడుగుతరు. భార్యతోని దస్కతు పెట్టిపియ్యకు. ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల అమెరికా సర్కారు సంస్థ) లోను అయితె మాత్రం జమానతు తప్పదు, 20 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతి ఒక్కరు జమానతు ఉండాల్సిందే. మిగిలిన ప్రతి కాగితం మీద కంపెనీ పేరు రాసి, కింద ‘తరఫున’ అని పెట్టి, నీ పేరు పక్కన ‘మేనేజర్’ అని రాయి. ఉత్త పేరు రాసినవంటె, దస్కతు ఎవరిదన్న పంచాయితీ వస్తది.

రెండో గండి పైసలు కలుపుడు. మిర్యాలగూడ మిల్లులల్ల షావుకార్లు మిల్లు ఖాతా, ఇంటి ఖాతా వేరే రాస్తరు సూడు, అట్ల ఉండాలె. గల్లల నుంచి తీసి ఇంటి సామాను కొనుడు, కంపెనీ కార్డుతోని పిల్లల ఫీజు కట్టుడు, చిట్టీ పాడిన పైసలు కంపెనీ ఖాతాల వేసి మళ్ల తీసుడు. కోర్టుకు పోయిన్నాడు అవతలి లాయరు మొదలు అడిగేది బ్యాంకు స్టేట్‌మెంట్లే. కంపెనీ, మనిషి ఒకటే అని చూపిచ్చి కట్ట తెంపుతడు. ఎల్ఎల్‌సీల వాటా ఉన్నోన్ని సభ్యుడు అంటరు. నువ్వు పైసలు పెడ్తె ‘సభ్యుని పెట్టుబడి’ అని రాయి, తీస్తె ‘డ్రా’ అని రాయి. సభ్యునికి డబ్ల్యూ-2 జీతం (పనోళ్లకు ఇచ్చే తీరు జీతం) రాయొద్దు. ఇద్దరు సభ్యులుంటె పన్ను లెక్కన అది పార్టనర్‌షిప్, అందుల అది చెల్లదు.

సర్కారు పైసలు ముట్టినా కట్ట ఆగదు. టిఫిన్ బిల్లు మీద ఇక్కడ చాన ఊర్లల్ల సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం. వారానికి 10,000 అమ్మితె దాని మీద పట్టిన 825 నీవి కావు. కిరాయి రోజుకు తక్కువ పడ్డదని అవి వాడుకుంటరు, పనోళ్ల జీతంల పట్టిన పన్ను గూడ వాడుకుంటరు. జీతంల పట్టిన పన్ను కట్టకుంటె ఐఆర్ఎస్, చెక్కు మీద దస్కతు పెట్టే మనిషి మీదికే నేరుగ వస్తది, మొత్తం వసూలు చేస్తది. రెండో ఖాతా తెరిచి ప్రతి ఆదివారం రాత్రి ఆ పైసలు అందుల వెయ్యి. దానికి డెబిట్ కార్డు తీసుకోకు.

మీరు ఇద్దరు కాబట్టి ఆదాయపు పన్నుకు మీది పార్టనర్‌షిప్, ఫారం 1065, మార్చి 15 లోపల. ఆలస్యమైతె నెలకు ఒక్కో సభ్యునికి పెనాల్టీ, 2024 రిటర్నుకు 245 డాలర్లు. నాలుగు నెలలు మరిచిపోతె ఇద్దరికి 1,960, పైస లాభం రాకున్నా సరే. లాభం నీ పాలుకు 40,000 వస్తె ఆదాయపు పన్ను కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్నే (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసం కట్టేది) 5,650 దాక అయితది. మూడు నెలలకోసారి ముందే కట్టాలె.

బావను సభ్యునిగ మాత్రం చేర్చకు. ఇక్కడ నివాసి కాని మనిషి సభ్యుడైతె, ఆయన చేతికి పైస ఇయ్యకున్నా ఆయన పాలు లాభం మీద 37 శాతం కంపెనీయే పట్టి ఐఆర్ఎస్‌కు కట్టాలె. ఆయన ఐటిన్ (అమెరికా పన్ను నంబరు) తీసుకొని ఇక్కడ రిటర్ను వేస్తెనే ఎక్కువ పట్టింది తిరిగొస్తది. ముందుముందు ఎస్ కార్పొరేషన్‌గ (పన్ను కోసం ఎంచుకునే ఇంకో తీరు) మారుదామన్నా తొవ్వ మూసుకపోతది. పైసలు ఏ రూపంల పంపాలన్నది నల్లగొండల సీఏను అడగమను. ఇండియా నుంచి బయటికి పంపేటందుకు మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల హద్దు ఉంది. 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగాల పట్టే పన్ను) పడ్తది, అది ఆయన పన్నుల జమ అయితది. చేబదులు లెక్కన మాట మీద నడిపిస్తె అక్క ఇంటికి పోయినప్పుడల్ల అదే ముచ్చట.

దోస్తు సంగతి గూడ అంతే. చెరి సగం అంటె పంచాయితీ వస్తె తెంపేటోడు ఉండడు. ఆపరేటింగ్ అగ్రిమెంటుల ఇద్దరి దస్కతు లేకుంట ఎంత దాక చెక్కు రాయొచ్చో అంకె పెట్టు, 1,000 అనుకో. ఒకడు దేశం పోతె, చనిపోతె, విడాకులైతె ఆ పాలు ఎవరు, ఏ లెక్కన, ఎన్ని కిస్తీలల్ల కొనాలో రాయి. దోస్తానా మంచిగ ఉన్నప్పుడే రాయాలె.

టెక్సస్‌ల 2025 లెక్కన ఏడాది రాబడి 24.7 లక్షల డాలర్లు దాటకుంటె ఫ్రాంచైజ్ ట్యాక్స్ (కంపెనీల మీద రాష్ట్రం వేసే పన్ను) లేదు గాని, మే 15 కు సమాచార రిపోర్టు మాత్రం పంపాలె. పంపకుంటె వ్యాపారం చేసే హక్కు పోతది, ఆ తర్వాత చేసిన బాకీలు నడిపేటోళ్ల మీద పడ్తయి. సర్కారు ముద్ర లెక్క కనబడే కాగితాలు పోస్టుల చాన వస్తయి, సర్టిఫికెటుకు ఇంత, పోస్టరుకు ఇంత అని. రాష్ట్రం సైటుల చూసుకోకుంట ఒక్క డాలరు కట్టకు.

లీజు కాగితం వచ్చినంక చివరి పేజీలు నాకు పంపు. దస్కతు ఆ తర్వాత.