బర్మాలోని రంగం (రంగూన్) నుంచి నడిచొచ్చిన వాళ్ల కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ నవల మొదటి అధ్యాయాలు చదివాను. బియ్యం మిల్లులు, రేవు కూలీల ఇరుకు గదులు, ఇంటి నుంచి వచ్చే ఉత్తరం కోసం ఎదురుచూపులు, అన్నీ కళ్లకు కట్టాయి. యుద్ధం వచ్చే చోట మాత్రం పట్టు తప్పింది. "ఉన్నట్టుండి బాంబులు పడ్డాయి, జనం పారిపోయారు" అని రాసి, పేజీ తిప్పేసరికి మీ మామ్మను అడవిలో నడిపించేశావు.

యుద్ధాన్ని ఉప్పెనలా రాశావు. ఉప్పెనను ఎవరూ పంపరు. యుద్ధంలో ఎక్కడో ఒక అధికారి వంతెన పేల్చమంటాడు, ఇంకొకడు రోడ్డు మూయమంటాడు, ఆ ఆర్డర్ల ఫలితం మీ మామ్మ మోయాలి. అవన్నీ దొరికేది సైనిక చరిత్రలోనే. మన రచయితలు చాలామంది దాన్ని జనరల్స్ గొప్పల పుస్తకం అనుకుని పక్కన పెడతారు. నాకు అది బాధగా ఉంటుంది. మామూలు మనుషుల కథ రాసేవాళ్లకే అది ఎక్కువ అవసరం.

మీ ఇంట్లో చెప్పుకునే మాట ఒకటి ఫోన్లో చెప్పావు, రంగానికి ఉత్తరాన ఉన్న ప్రోమ్ ఊరి దారి పట్టి కూడా మళ్లీ రంగం వెనక్కి వచ్చామని. మామ్మ భయపడి వచ్చేసిందని నువ్వు రాశావు. 1941 డిసెంబర్ 23న రంగం మీద జపాన్ మొదటి బాంబులు పడగానే వేలమంది భారతీయులు ప్రోమ్ రోడ్డెక్కారు. వాళ్లలో మన కోస్తా జిల్లాల రేవు కూలీలు ఎందరో. వాళ్లు లేకపోతే ఓడల్లో సామాను దించే దిక్కు లేదు. చైనాకు పోవాల్సిన అమెరికన్ ఆయుధాలు దిగేదీ ఆ రేవులోనే. అందుకే ప్రభుత్వం నచ్చజెప్పి చాలామందిని వెనక్కి తెచ్చింది. అప్పుడు మీ మామ్మ వెనక్కి రావడానికి కారణం భయమేనా, లేక తాతయ్య చేతుల అవసరం ఎవరికో పడిందా? ఈ ప్రశ్న వేసుకుంటే ఆ అధ్యాయమే మారిపోతుంది.

ఆమె ఏ తారీఖున బయల్దేరిందో తేల్చు. అన్నిటికంటే ముఖ్యం అదే. 1942 జనవరిలో అయితే ఓడ టికెట్ కోసం రేవులో పడిగాపులు. ఫిబ్రవరి 23 తెల్లవారుజామున రంగం వైపు జపాన్ సైన్యం దాటకుండా సిట్టాంగ్ నది వంతెనను బ్రిటిష్ సైన్యమే పేల్చేసింది. సొంత సిపాయిలు వేలమంది ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నారు. ఆ తర్వాత రంగం నిలిచే ఆశ పోయింది, మార్చి 8న జపాన్ చేతికి చిక్కింది, సముద్రం దారి మూసుకుపోయింది. ఇక మిగిలినవి కాలిబాటలే. టాంగుప్ కనుమ దాటి బర్మా పడమటి తీరంలోని అక్యాబ్ రేవు, లేదంటే సరిహద్దు ఊరు టాము మీదుగా మణిపూర్‌లోని ఇంఫాల్. తెల్లవాళ్లకు ఒక దారి, మనవాళ్లకు ఇంకో దారి పెట్టారని కాంగ్రెస్ నిలదీసింది ఆ రోజుల్లోనే. బర్మా ఉత్తరాన మిచీనా ఊళ్లో విమానం కోసం కాచుకున్నవాళ్లకు మే 6న ఎయిర్‌ఫీల్డ్ మీద బాంబులు పడ్డాక అస్సాం వైపు పోయే హుకాంగ్ అడవి లోయ తప్ప దారి లేకపోయింది. అప్పుడే వానలు. బురద, మలేరియా, విరేచనాలు. రెండు వారాలు ముందు బయల్దేరినవాళ్లు బతికిన చోట వెనక వచ్చినవాళ్లు రాలిపోయారు. మీ మామ్మ బతికిందంటే ఆమె ధైర్యం ఒక్కటే కాదు, క్యాలెండర్ కూడా కారణం. ఇలా రాస్తే ఆమె ధైర్యం ఏమీ తగ్గదు.

ఇంట్లో పెద్దవాళ్లను "ఎంత కష్టపడిందో చెప్పండి" అని అడగకు. వానలు మొదలయ్యాయా, సిపాయిలు ఎదురొచ్చారా, వెనక నుంచి దాటిపోయారా, పడవ ఎక్కిందా అని అడుగు. ఆ జవాబులను మ్యాపు మీద పెట్టుకో. భారత్, పాకిస్తాన్ విడిపోయాక కూడా కలిసి పూర్తిచేసిన అధికారిక యుద్ధ చరిత్రలో బర్మా తిరోగమనానికే ఒక సంపుటం ఉంది. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో పాత ఫైళ్లు ఇంటి నుంచే వెతకొచ్చు.

ఒక జాగ్రత్త. సైన్యం కాగితాల్లో మన జనం చాలాసార్లు దారికి అడ్డంగానే కనిపిస్తారు. లారీల లెక్క ఉంటుంది, నడిచేవాళ్ల పేర్లుండవు. నీ నవల పని అక్కడే. కానీ లారీలు ఎటు పోతున్నాయో తెలిస్తేనే వాటి పక్కన నడిచే మనిషిని సరిగ్గా నిలబెట్టగలవు.

ఇంకొకటి. మామ్మ విశాఖ చేరగానే కష్టాలు తీరినట్టు రాశావు. ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పారిపోయారు. ఆమె ఆ తారీఖుకు ముందు దిగిందా, తర్వాతా? ముందైతే ఆ వీధుల్లో మళ్లీ మూట నెత్తిన పెట్టుకుని ఉంటుంది. ఆ అధ్యాయమే ముందు రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య