108లో చేరతానంటున్న మేనకోడలికి

లావణ్యకి, మావయ్య ఆశీస్సులు.

బీఎస్సీ అయిపోయిందనీ, 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే మనిషిగా, చేరతానని పట్టుబడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ మనసు మార్చమంది. ఆ పని నేను చెయ్యను. కానీ ఈ ఉద్యోగం మీద నీకు ఇంత ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో చేరేముందే తెలుసుకో.

2005లో 108 వచ్చిన కొత్తల్లో చేరినవాణ్ణి నేను. నాతో చేసినవాళ్లలో చాలామంది ఇంట్లో ఏదో జబ్బో చావో చూసి వచ్చినవాళ్లే. నువ్వూ అంతే. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో పుట్టావు, హైస్కూల్లో ఉండగానే మీ నాన్న కిడ్నీలు పాడయ్యాయి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చింది గానీ, అంతకుముందు పరిస్థితి విషమిస్తే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే కదా పరుగెత్తేవాళ్లం.

ఆ ఇల్లు నీకు చాలా నేర్పింది. మీ నాన్న ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదనీ, డయాలసిస్‌కి తప్ప సూది గుచ్చకూడదనీ, వేలు ఆనిస్తే లోపల జుమ్మని అదరాలనీ నీకు పదో తరగతికే తెలుసు. కొత్త కుర్రాళ్లు కంగారులో ఏ చెయ్యి దగ్గరుంటే దానికే పట్టీ చుట్టడం నేను చూశాను. డయాలసిస్ మనిషి నీరసపడితే చుట్టాలు ప్రేమకొద్దీ కొబ్బరిబొండాం కొట్టిస్తారు, మన తోటలో కాయే కదా అని. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. పెద్దవాళ్ల చేతిలోంచి ఆ బొండాం తీసుకుని పక్కన పెట్టే ధైర్యం నీకు ఇంట్లోనే వచ్చింది.

అదే ఇల్లు నిన్ను తడబెట్టగలదు కూడా. ఏదో ఒక రాత్రి కంచిలి వైపు నుంచి ఆయాసంతో ఒకాయన్ని ఎక్కిస్తారు. కాళ్లు ఉబ్బి, పడుకోలేక, కూర్చునే ఊపిరి కోసం కొట్టుకుంటుంటాడు. నీకు మీ నాన్నే కనబడతాడు. అప్పుడు ఆయన్ని అలాగే కూర్చోబెట్టి ఉంచాలి, ఆక్సిజన్ పెట్టాలి, సెలైన్ జోలికి పోకూడదు, ఆసుపత్రికి ముందే ఫోన్ చెయ్యాలి. ఏడుపు వస్తే బండి ఖాళీ అయ్యాక ఏడువు, తప్పు లేదు. దారిలోనే ప్రాణం పోయేవాళ్లూ ఉంటారమ్మా. ప్రతి మనిషిలోనూ నాన్నని కాపాడుకుంటున్నాననుకుంటే ప్రతి చావూ మీ ఇంటి చావే అవుతుంది. అలా ఎక్కువకాలం చెయ్యలేవు. శిక్షణలో మొదటిరోజే మీ ఇంటి సంగతి చెప్పు. మీ ఇంటి నుంచే కాల్ వస్తే వీలైనంతవరకు చికిత్స వేరేవాళ్లకి వదిలి, నువ్వు కూతురిగా పక్కన కూర్చో.

జీతం గొప్పగా ఉండదు. షిఫ్టు 12 గంటలు, పండగలకీ డ్యూటీ పడుతుంది. రాత్రిపూట ఆడపిల్ల హైవే మీద అన్నది మీ అమ్మ టెన్షన్. దాన్ని తీసిపారెయ్యకు. డ్యూటీలో ఉన్న ఒక ఆడ ఈఎంటీతో ఆమెని మాట్లాడించు. నేను ఎంత చెప్పినా మగవాడి మాటే అవుతుంది.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. డయాలసిస్‌కి మీ నాన్నని వారానికి మూడుసార్లు తీసుకెళ్లేది నువ్వే. నువ్వు డ్యూటీలో ఉన్నరోజు ఎవరు తీసుకెళ్తారు? తమ్ముడికి బండి నడపడం వచ్చినా, మందుల చీటీ, రోజుకి తాగాల్సిన నీళ్ల లెక్క, ఫిస్టులా జాగ్రత్తలు వాడికి తెలియవు. ఇప్పటినుంచే వాణ్ణి వెంట తీసుకెళ్లు.

వచ్చే ఆదివారం వస్తాను. నువ్వూ మీ అమ్మా నేనూ ముగ్గురమే మాట్లాడేసుకోవద్దు, మీ నాన్న మంచం దగ్గరే కూర్చుందాం. నువ్వు ఈ పనిలోకి వెళ్తానంటే ఆయనకేమనిపిస్తోందో ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేరు.

మీ మావయ్య