స్టిక్కర్ చెరిగితే కీ పోయినట్టేనా?

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని. 2015లో కొన్న లాప్‌టాప్ విండోస్ 8.1తో వచ్చింది, తర్వాత మా అబ్బాయి 10కి మార్చాడు. ఇప్పుడు తెరుచుకోవడం లేదు. అడుగున స్టిక్కర్ అరిగిపోయింది కాబట్టి కొత్త లైసెన్స్ కొనాలని షాపులో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కొనకండి మాస్టారూ. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ లాప్‌టాప్‌లలో కీని, అంటే 25 అక్షరాల లైసెన్స్ కోడ్‌ని, మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) చిప్‌లోనే దాస్తున్నారు. మీ స్టిక్కర్ మీద చెరిగింది బహుశా సీరియల్ నంబరే అయ్యుంటుంది. పైగా 10కి మారినప్పుడు మీ మెషీన్ గుర్తు మైక్రోసాఫ్ట్ సర్వర్లో నమోదైంది. ముందు ఫొటోలు, ఫైళ్లు వేరే డిస్కులోకి తీయించండి. వేరే కంప్యూటర్లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ 10 ఇన్‌స్టాలర్ తయారు చేయించి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అన్నది నొక్కండి. ముందున్న విండోస్ రకాన్నే (ఎడిషన్) ఎంచుకోండి. మన దగ్గర అమ్మినవాటిలో చాలావరకు 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్'. ప్రో ఎంచుకుంటే యాక్టివేట్ కాదు. నెట్ తగిలిస్తే మిగతాది అదే చూసుకుంటుంది. మదర్‌బోర్డు మార్చి ఉంటే మాత్రం చిక్కే.

అసలు తిప్పలు విండోస్ 7 వాళ్లవి, వాళ్ల కీ స్టిక్కర్ మీదే ఉండేది. గుంటూరు ఎండల్లో ఒళ్లో పెట్టుకుని వాడీ వాడీ నా పాతదాని స్టిక్కర్ చెమటకి తెల్లబడింది. చీకట్లో టార్చ్ పక్కనుంచి వాల్చి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తే 25 అక్షరాల్లో 23 దొరికాయి. ఆ కీలలో 0, 1, 5 ఉండవు, ఇంగ్లిష్ అచ్చులూ ఉండవు. మిగిలిన తగాదా 8కీ 'బి'కీ మధ్యే, నాలుగో ప్రయత్నానికి కుదిరింది.

అన్నట్టు, విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాంకు పనులు దానిలో పెట్టుకోకండి.