పాత్ర అలిగిందా, అలిగాడా?

సందేహం: పిల్లల కోసం నవలలు రాస్తుంటాను. చదివిన పిల్లలు ప్రశ్నలు పంపుతారు, నేను జవాబులు రాస్తుంటాను. 'చుక్కన్న ఎందుకు వెళ్లిపోయాడు?' అని ఒక పాప అడిగింది. చుక్కన్న నా నవలలో ఉడుత. 'ఆ పాత్ర స్నేహితుల మీద అలిగి వెళ్లిపోయాడు' అని రాశాను. ఈ జవాబులను పుస్తకంగా వేస్తున్న సంపాదకులు దాన్ని 'వెళ్లిపోయింది' అని దిద్దారు. ఏది ఒప్పు? ఇంకో పిల్లవాడు, 'వెనక అట్ట మీద ఇరవై పాత్రలున్నాయని వేశారు, కథంతా వెతికినా నాకు ఒక్క గిన్నె కూడా కనపడలేదు' అని రాశాడు. వాడికేం చెప్పమంటారు?

సమాధానం: అమ్మా, మీ రెండో ప్రశ్నే ముందు అందుకుంటాను. వ్యాకరణం ఎక్కడికీ పోదు. గిన్నె కోసం వెతికిన ఆ పిల్లవాణ్ణి మాత్రం కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనిపిస్తోంది. పెద్దవాళ్లం ఈ మాటను రోజుకు పదిసార్లు వాడి కూడా అందులోకి తొంగి చూడం. వాడు చూశాడు.

పాత్రకు మూలం 'పా' ధాతువు, తాగడం అని అర్థం. నేత్రం, శస్త్రం, స్తోత్రం చివర ఉన్న 'త్ర' ఇక్కడా ఉంది. పని దేనితో జరుగుతుందో దాన్ని చెప్పే ప్రత్యయమది. దేనితో తాగుతామో అది పాత్ర. 'పతనం నుంచి త్రాణం చేసేది పాత్ర' అని దానధర్మాలు చెప్పే పెద్దలు మరో వ్యుత్పత్తి చెబుతారు. వినడానికి బాగుంటుంది, నమ్మడానికి బాగుండదు.

సంస్కృత నిఘంటువు అమరకోశాన్ని కూర్చిన అమరసింహుడు ఈ మాటను ఒకచోట పెట్టి ఊరుకోలేదు. భాండం, అమత్రం, భాజనం సరసన ఒకసారి పెట్టాడు. అది మన వంటింటి పాత్ర. నీటిని గురించి చెప్పే వర్గంలో 'పాత్రం తదంతరమ్' అన్నాడు, ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ నడుమ ఉన్నది పాత్ర అని. రెండు గట్లు అంచులైతే నది మొత్తం ఒక పెద్ద గిన్నె! నానార్థ వర్గంలోనేమో 'యోగ్యభాజనయోః పాత్రమ్' అని తేల్చాడు. యోగ్యుడూ పాత్రే, గిన్నే పాత్రే. విశ్వాసపాత్రుడు, దయకు పాత్రురాలు, అపాత్రదానం వచ్చింది ఈ దారినే. ఈ మూడిటిలోనూ ఒకటే ఊహ: పోసినదాన్ని ఒలకనీయకుండా పట్టి ఉంచేది. యజ్ఞపాత్రలు, భిక్షాపాత్రల జోలికి ఇప్పుడు పోను.

ఈ ఊహను కాళిదాసు వాడినట్టు మరొకరు వాడలేదు. మాళవికాగ్నిమిత్రం మొదటి అంకంలో గణదాసు అనే నాట్యాచార్యుడు తన శిష్యురాలు మాళవికను తలుచుకుని మురిసిపోతూ అంటాడు:

పాత్రవిశేషే న్యస్తం గుణాంతరం వ్రజతి శిల్పమాధాతుః
జలమివ సముద్రశుక్తౌ ముక్తాఫలతాం పయోదస్య

గురువు విద్య మేలైన పాత్రలో పడితే గుణమే మారిపోతుందట, మేఘం నీరు కడలి చిప్పలో పడి ముత్యమైనట్టు. ఇక్కడ 'పాత్ర' ఏ అర్థంలో ఉందో చెప్పండి చూద్దాం. యోగ్యురాలా? అవును. గిన్నెనా? అదీ అవును, చిప్ప పక్కనే ఉంది గదా. ఆడబోయే నర్తకా? అదీనూ. నాట్యశాస్త్రకారులు నర్తకిని పాత్ర అనే అంటారు, అభినయదర్పణంలో పాత్రలక్షణమంటే నర్తకి లక్షణమే. ఒక్క మాటలో మూడర్థాలు పోశాడు, ఒక్క చుక్క ఒలకలేదు. 'నీరమె శుక్తిలోఁ బడి మణిత్వము గాంచు సమంచితప్రభన్' అన్న పాదం, భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవిది, మనకు కంఠస్థమే. భర్తృహరి చెప్పిన నీటిబొట్టే అది. కాలిన ఇనుము, తామరాకు, ముత్యపుచిప్ప అని మూడు పాత్రలు చూపించాడు, పాత్ర అన్న మాట మాత్రం ఎత్తలేదు. ఎవరి పద్ధతి వారిది, నా మనసు కాళిదాసు వైపే మొగ్గుతుంది.

దానికి కొంచెం ముందు గణదాసు ఇంకో మాట అంటాడు: 'ప్రత్యుపదిశతీవ మే బాలా'. నేను నేర్పినదాన్ని ఇంకా అందంగా చేసి చూపి, ఈ పిల్ల తిరిగి నాకే పాఠం చెబుతున్నట్టుంది అని. గిన్నె ఏదని అడిగిన పిల్లవాడి ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి.

శాకుంతలం ప్రస్తావనలోనూ సూత్రధారుడు 'ప్రతిపాత్రమాధీయతాం యత్నః' అంటాడు, ఒక్కో పాత్ర మీదా శ్రద్ధ పెట్టండని. కథలో పాత్ర అంటే ఇదే. కవి మనసులోని రసం పొయ్యడానికి ఒక గిన్నె కావాలి. ఇంగ్లీషువాళ్ల క్యారెక్టర్‌కు మూలం గ్రీకులో చెక్కే పనిముట్టు, ఆ చెక్కిన ముద్ర. వాళ్లు మనిషిని ముద్ర వేసి గుర్తుపడితే, మనం నింపి చూస్తాం. ఇంత చక్కని మాట ఇంట్లో ఉండగా 'మీ నవలలో క్యారెక్టర్లు బాగున్నాయండీ' అనడం దేనికో! పైగా 'వాడి క్యారెక్టర్ మంచిది కాదు' అన్నప్పుడు అదే మాటకు శీలమని అర్థం. ఒకే మాట అక్కడా ఇక్కడా చాకిరీ చేస్తోంది.

పత్రికలవాళ్లు పాత్రను వదిలారా అంటే, అదీ లేదు. వాన కీలకపాత్ర పోషిస్తుంది, రోడ్డు కీలకపాత్ర పోషిస్తుంది, టాస్ కూడా కీలకపాత్ర పోషిస్తుంది. నటుడు పాత్రను పోషించాడంటే రసపోషణ గుర్తొచ్చి సరేననుకుంటాను. టాస్ దేన్ని పోషించింది? 'టాస్ వల్లే గెలిచారు' అంటే పోయేదేముంది? (పాత్రికేయుడు పత్రిక నుంచి వచ్చాడు, పాత్ర నుంచి కాదు. అందుకే ఈ నిర్లక్ష్యం కాబోలు.)

ఇక మీ మొదటి ప్రశ్న. సూత్రం తీసుకుంటే సంపాదకులదే గెలుపు. పాత్ర అమహత్తు, అంటే మగవాణ్ణి చెప్పే మాట (మహత్తు) కాదు, కాబట్టి వెళ్లిపోయింది. ఉడుత తిర్యక్కు, అంటే జంతువు, అదీ వెళ్లిపోయిందే. కానీ స్త్రీ తిర్యక్ జడాలు కానివే మహత్తులని బాలవ్యాకరణంలో గిరి గీసిన చిన్నయసూరే, 1853 నాటి నీతిచంద్రికలో ఎలుకను హిరణ్యకుడన్నాడు, తాబేలును మంథరుడన్నాడు. కథలోకి రాగానే తిర్యక్కులకు డుమంతాలు, అంటే 'డు'తో ముగిసే మగ పేర్లు, మొలిచాయి. ఆయనకింకో సుఖం కూడా ఉంది. గ్రాంథికంలో రాముడు వచ్చెను, సీత వచ్చెను, ఉడుత వచ్చెను. 'వచ్చెను'కు లింగం పట్టింపు లేదు. వచ్చాడు, వచ్చింది అని వ్యవహారంలో రాస్తున్నాం కనక ఈ పేచీ మన నెత్తిన పడింది. చుక్కమ్మ అని పేరు పెట్టి ఉంటే మీకూ సంపాదకులకూ తగవే లేకపోయేది.

నాకు తోచింది చెబుతాను. పాత్ర మూడో అధ్యాయంలో వస్తుంది. చుక్కన్న చీకటి పడ్డాక వస్తాడు. మొదటిది పుస్తకం గురించిన మాట, రెండోది కథలోపలి మాట. అలగడం కథలోపలి పని, పాత్రకు అలక రాదు. అంచేత మీ వాక్యంలో క్రియను దిద్దడం కంటే కర్తను దిద్దుకోవడం మేలు: 'చుక్కన్న స్నేహితుల మీద అలిగి వెళ్లిపోయాడు'. పాప అడిగిందీ అలాగే గదా. పాత్ర అనే మాటే ఉండి తీరాలంటే 'వెళ్లిపోయింది' అనండి. 'ఆ పాత్ర వెళ్లిపోయాడు' అన్నదాన్ని నోటిమాటగా వింటే నేను ఉలిక్కిపడను, అచ్చులో చూస్తే కాస్త తడబడతాను. తప్పని కొట్టేసేంత ధైర్యం మాత్రం నాకు లేదు, జనం నాలుక రేపు ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? బహువచనంలోనూ ఇంతే: పాత్రలు వచ్చాయి, చుక్కన్నా వాళ్లూ వచ్చారు.

గిన్నె అడిగిన పిల్లవాడికి గిన్నెలున్నాయనే రాయండి, ఇరవై ఉన్నాయని, అందులో ఒకదాని పేరు చుక్కన్న అని. వెనక అట్ట మీద ఆ లెక్క మాత్రం ఈసారి తీయించండి, పాత్రలను లెక్కపెట్టి అమ్మే అంగడి వేరే ఉంది.

అన్నట్టు, చుక్కన్న చివరికి తిరిగి వచ్చాడో లేదో మీ ఉత్తరంలో రాయలేదు.