మెమరీ, సిగ్నల్, స్పీడ్: ల్యాప్‌టాప్ వాడే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతికి మామయ్య ఆశీస్సులు.

ల్యాప్‌టాప్ నెమ్మదించిందని, మెమరీ నిండి ఉంటుందని, ఫొటోలన్నీ తీసేస్తున్నానని రాశావమ్మా. వాటిని తీసేయకు. మెమరీ అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు భాగాలను పిలుస్తున్నాం. తెరిచి ఉన్న ప్రోగ్రాములు నడిచేది ర్యామ్‌లో. ల్యాప్‌టాప్ ఆపేస్తే అందులో ఏదీ మిగలదు. ఫొటోలు ఉండేది స్టోరేజీలో, అంటే హార్డ్ డిస్కులోనో, దాని బదులు వాడే కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలోనో. స్టోరేజీ దాదాపు నిండిపోతే తప్ప ఫొటోలు తీసేసినందువల్ల వేగం పెరగదు. ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, ర్యామ్, డిస్క్ రెండింటిలో ఏది నూటికి దగ్గరగా ఉందో ముందు చూడు. అక్కడి డిస్క్ శాతం అది ఎంత పనిలో ఉందో చెబుతుంది, ఎంత నిండిందో కాదు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476గా కనిపిస్తే కంగారు పడకు. కిలో, మెగా, గిగా అని మెట్టు మెట్టుకూ తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కించడమే అందుకు కారణం.

ఇక వై-ఫై సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గీతలు నిండుగా ఉన్నా వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదన్నావు. ఆ గీతలు నీ ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న సిగ్నల్ బలాన్నే చూపుతాయి. రౌటర్ దాటాక ఇంటర్నెట్ ఎలా ఉందో వాటికి తెలియదు. ఈ తేడా తెలియక నేను ఒకసారి ర్యామ్ పెంచుకున్నాను, డబ్బు ఖర్చయింది గానీ వెబ్‌సైట్ల వేగం మారలేదు. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు (రేడియో తరంగాల శ్రేణులు) ఉంటే, దగ్గర కూర్చున్నప్పుడు రెండోదాన్ని ఎంచుకో. మొదటిది గోడలు దాటి దూరం వెళ్తుంది, కానీ బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, ఇరుగుపొరుగు రౌటర్లు అన్నీ అక్కడే గుమిగూడడం వల్ల వేగం తగ్గుతుంది. వేగాన్ని కొలిచే ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు)లో ఉన్నది బిట్లు, ఫైలు పరిమాణం బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి దిగదు.

రౌటర్ సెట్టింగుల్లో వై-ఫై భద్రతా పద్ధతి ఎంచుకునే దగ్గర డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టు, లేకపోతే డబ్ల్యూపీఏ2. పాత పద్ధతి డబ్ల్యూఈపీ జోలికి మాత్రం వెళ్లకు.

చాలా ల్యాప్‌టాప్‌లలో వై-ఫై యాంటెనాలు తెర చుట్టూ మూతలోనే ఉంటాయి. వాటి నుంచి రెండు సన్నని తీగలు మూత తిరిగే కీలు (హింజ్) గుండా కిందికి దిగి, లోపలి వై-ఫై కార్డుకు చిన్న గుండీల్లా తగులుకుంటాయి. తెర మార్పించిన తర్వాత సిగ్నల్ పడిపోతే, కొత్త రౌటర్ కొనే ముందు ఆ రెండు తీగలనూ సరిగా తగిలించారో లేదో చూడమని మెకానిక్‌ను అడుగు.

ఇట్లు,
నీ మామయ్య